లీటరు పెట్రోలుకు దిగుబడి ఎంత?

శ్రీకాకుళం: పలాసలో జీడి వర్తకుడు గింజల బస్తా కొనేటప్పుడు ధర ఒక్కటే చూడడు, బస్తాకు పప్పు ఎంత దిగుతుందో లెక్క కట్టుకుంటాడు. సొంత కారు ఉన్నవారిలో పెట్రోలు విషయమై ఈ లెక్క చూసేవారు తక్కువ. ధర మన చేతిలో లేదు. దిగుబడి మాత్రం చాలావరకు మన చేతిలోనే ఉన్నది.

విశాఖలో 1957లో కాల్టెక్స్ నెలకొల్పిన రిఫైనరీ 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో విలీనమైనది. అది పొరుగునే ఉన్నా మనకు పెట్రోలు చౌక కాలేదు. ముడిచమురు ధర, రూపాయి మారకం విలువ, కేంద్ర ఎక్సైజు సుంకం, రాష్ట్ర వ్యాట్, డీలరు కమిషన్ కలిసి బంకు ధర అవుతున్నవి. ధరలను రోజువారీ సవరించే పద్ధతి 2017 జూన్ 16 నుంచి దేశమంతటా అమలులోకి వచ్చినది.

ఒడిశాలో పన్ను తక్కువ గనుక ఇచ్ఛాపురం దాటి ట్యాంకు నింపించుకొనేవారున్నారు. ఇది గిట్టుబాటేనా? లీటరుకు 8 రూపాయలు తేడా అనుకుంటే 30 లీటర్లకు 240 రూపాయలు మిగులు. సరిహద్దుకు 20 కిలోమీటర్ల దూరాన ఉన్నవారు రానూపోనూ 40 కిలోమీటర్లు తిరగాలి. లీటరుకు 16 కిలోమీటర్లు ఇచ్చే కారుకు రెండున్నర లీటర్లు ఖర్చు. లీటరు 102 రూపాయలకే కట్టినా 255 రూపాయలు! వేరే పనిమీద వెళ్లినవారికే లాభం. పనిగట్టుకుని వెళ్తే నష్టం.

అదే కారు నెలకు 1,200 కిలోమీటర్లు తిరుగుతుందనుకుందాం. లీటరుకు 15 కిలోమీటర్లయితే 80 లీటర్లు, 16 అయితే 75 లీటర్లు కావాలి. ఒక్క కిలోమీటరు పెరిగితే నెలకు 5 లీటర్లు ఆదా. లీటరు 110 చొప్పున ఏడాదికి 6,600 రూపాయలు.

ముందు కొలత సరిగా ఉండాలి. ట్యాంకు నిండా పోయించి మీటరు రీడింగు రాసుకోవాలి. మళ్లీ నింపించినప్పుడు తిరిగిన దూరాన్ని పట్టిన లీటర్లతో భాగిస్తే దిగుబడి తెలుస్తుంది.

పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిపే స్థాయికి 2025లో దేశం చేరినది. ఇథనాల్‌లో శక్తి పెట్రోలుకంటె తక్కువ. పాత కార్లలో 6, 7 శాతం తగ్గుదల ఉండవచ్చునని 2021 నాటి నీతి ఆయోగ్ నివేదిక అంచనా. కనుక 16 ఇచ్చే కారు 15కు దిగితే మిశ్రమం వల్ల కావచ్చు. 13కు దిగితే లోపం బండిలోనో నడకలోనో వెతకాలి.

మొదట టైర్లు చూడాలి. డ్రైవరు తలుపు వద్ద చీటీపై రాసిన గాలి ఉన్నదా అని చల్లగా ఉన్నప్పుడే కొలిపించాలి. చక్రం బిగుసుకున్నట్టు తిరుగుతుంటే బ్రేకు పట్టేస్తున్నదన్నమాట. టెక్కలి క్వారీల వైపు దుమ్ములో తిరిగే కార్లకు ఎయిర్ ఫిల్టరు తరచు చూపించాలి. పని లేనప్పుడు పైకప్పు క్యారియరు తీసివేయడం మంచిది.

ఇక వేగం. గాలి నిరోధం వేగం వర్గాన్నిబట్టి పెరుగుతుంది. 16వ నంబరు జాతీయ రహదారిపై 80కి బదులు 100లో వెళ్తే గాలి ఒత్తిడి ఒకటిన్నర రెట్లు దాటుతుంది.

కోరాపుట్ నుంచి సాలూరుకు ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదిలితే పెట్రోలు మిగులుతుందనుకోవడం పొరపాటు. నేటి ఇంజెక్షన్ ఇంజన్లలో గేరులో ఉంచి యాక్సిలరేటరు వదిలితే ఇంధన సరఫరా ఆగిపోతుంది. న్యూట్రల్‌లో ఇంజను తిరగడానికి పెట్రోలు ఖర్చవుతూనే ఉంటుంది. పైగా భారమంతా బ్రేకులమీద పడి అవి వేడెక్కి పట్టు తప్పవచ్చు. అక్కడ మిగిలేది పెట్రోలు కాదు, ప్రమాదమే.

బంకు వద్ద బేరం లేదు. ఆదా అంతా బంకు దాటిన తర్వాతనే.