బానెట్ మీది గీతలు, మైక్రాన్ల లెక్క

కరీంనగర్ చుట్టుపక్కల దొరికే టాన్ బ్రౌన్ గ్రానైట్‌కు దేశవిదేశాల్లో పేరుంది. బండ నుంచి కోసిన పలక మొదట గరుగ్గా, బూడిద పూసినట్టు ఉంటుంది. దాన్ని అద్దంలా చేసేది అరగదీత. నీళ్లు పోస్తూ మొదట గరుకు రాళ్లతో, తర్వాత అంతకంతకూ సన్నని రాళ్లతో రుద్దుతారు. పెద్ద గీతలు పోయి చిన్నవి, చిన్నవి పోయి కంటికి ఆననివి మిగులుతాయి. అప్పుడు వెలుతురు చెదిరిపోకుండా తిరిగి వస్తుంది, పలక మెరుస్తుంది. కారు రంగుకు మెషిన్ పాలిష్ పట్టడం కూడా అచ్చంగా ఇదే పని. తేడా మందంలో ఉంది. గ్రానైట్ పలక దాదాపు 20 మిల్లీమీటర్లు ఉంటుంది. కారు మీద మనం అరగదీయగలిగిన పొర మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు కూడా ఉండదు.

ఇప్పటి చాలా కార్లలో ఇనుప రేకు మీద తుప్పు పట్టనివ్వని పొర, దాని మీద ప్రైమర్, ఆపైన రంగు, అన్నిటికీ పైన రంగులేని క్లియర్ కోటు ఉంటాయి. కంపెనీలో వేసిన ఈ పొరలన్నీ కలిపితే సాధారణంగా 100 నుంచి 140 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఇందులో క్లియర్ కోటు వాటా 40, 50 మైక్రాన్లే. తల వెంట్రుక అంతకన్నా లావుగా ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి కింది రంగును కాపాడేది ఈ పొరే. సన్నని పాలిష్ ఒకసారి పడితే ఒకటి రెండు మైక్రాన్లు పోతాయి, గట్టి కాంపౌండ్ పడితే ఇంకా ఎక్కువ. పోయింది తిరిగి రాదు. అందుకే ఎంత మెరిపించామన్నదానికన్నా ఎంత తక్కువ తీసి మెరిపించామన్నది ముఖ్యం.

అసలు గీతలు ఎక్కడి నుంచి వస్తున్నాయి? మన ప్రాంతంలో జవాబు గాలిలోనే ఉంది. క్వారీల దగ్గర ఎగిరే రాతి పొడిలో క్వార్ట్జ్ ఉంటుంది. అది చాకు ఉక్కుకన్నా గట్టిది, క్లియర్ కోటు దాని ముందు మెత్తటి ప్లాస్టిక్ లాంటిదే. గోదావరిఖని, మందమర్రి, శ్రీరాంపూర్ వైపు బొగ్గు దుమ్ము, బసంత్‌నగర్, దేవాపూర్ వైపు సిమెంటు దుమ్ము దీనికి తోడు. సిమెంటుది ఇంకో రకం బాధ. ఆదిలాబాద్ చలికాలంలో తెల్లవార్లూ కురిసే మంచుకు అది తడిసి, క్షారమై, ఎండకు గట్టిపడి మచ్చగా కూర్చుంటుంది. బోరు నీళ్లతో కడిగి ఎండలో వదిలేస్తే ఆరిన ప్రతి చుక్కా సున్నపు మచ్చ అవుతుంది.

అయినా దుమ్ము పడినంత మాత్రాన గీత పడదు, దాన్ని రుద్దితే పడుతుంది. పొద్దున్నే బండి తీసే ముందు పొడిబట్టతో బానెట్ తుడిచే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. శుభ్రంగా ఉంచుకోవాలన్న మంచి ఉద్దేశంతో చేసే ఆ పనే కారుకు ఎక్కువ హాని చేస్తోంది. ఇంటాయన గల్ఫ్‌లో ఉంటే జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ఊళ్లలో కారు నెలల తరబడి కవరు కింద ఉంటుంది. దుమ్ము మీదే కవరు కప్పితే గాలికి అది ఊగినప్పుడల్లా ఇసుక కాగితంలా రాసుకుంటుంది. ఎండలో కారు మీద సాలెగూడులా కనిపించే గుండ్రటి గీతలు నిజానికి గుండ్రంగా ఉండవు. అన్ని దిక్కులా ఉన్న సన్న గీతల్లో సూర్యబింబం చుట్టూ అడ్డంగా ఉన్నవే మెరిసి, కంటికి వలయంలా కనిపిస్తాయి.

మెషిన్ చేత పట్టే ముందు గీత లోతు తెలియాలి. దాని మీద నీళ్లు చల్లండి. తడిగా ఉన్నంతసేపు గీత మాయమైతే అది క్లియర్ కోటులోనే ఉంది, పాలిష్‌తో తగ్గే వీలుంది. గోరు అడ్డంగా నడిపినప్పుడు తట్టుకుంటే లోతైనది, దాన్ని పూర్తిగా తీయాలని చూడొద్దు. తెల్లగానో బూడిదగానో అడుగు కనబడితే టచప్ రంగు కావాలి. టాపు మీదో బానెట్ మీదో క్లియర్ కోటు పొరలుగా లేచిపోయి తెల్లని మచ్చలు పడితే ఏ పాలిషూ పనిచేయదు, మళ్లీ పెయింటింగే శరణ్యం. పాత కార్లలో, ఇప్పటికీ కొన్ని సాదా రంగుల్లో, క్లియర్ కోటు ఉండదు, రంగే పై పొర. అలాంటి వాటిని రుద్దితే స్పాంజికి రంగు అంటుతుంది. నిర్మల్ చిత్రకారులు వాడే డ్యూకో రంగులు కూడా మొదట 1920లలో అమెరికాలో కార్ల కోసం వచ్చినవే. ఆ కాలపు కారుకు రంగు, మెరుపు వేర్వేరు పొరల్లో ఉండేవి కావు.

ఇంట్లో చేసేవాళ్లకు తగినది డ్యూయల్ యాక్షన్ మెషిన్. దీని ప్యాడ్ తిరుగుతూనే పక్కలకు కూడా ఊగుతుంది కాబట్టి వేడి ఒకేచోట పోగవదు. పెయింటింగ్ షెడ్లలో కనిపించే రోటరీ మెషిన్ ఒకే ఇరుసు మీద గిర్రున తిరుగుతుంది. చేయి తిరిగిన మేస్త్రీ దగ్గర అది అద్భుతంగా పనిచేస్తుంది, కొత్తవాళ్ల చేతిలో నిమిషంలో రంగు కాల్చేస్తుంది. ఇనుము కోసే గ్రైండర్‌కు స్పాంజి బిగించి పాలిష్ పట్టడం మాత్రం ఎవరూ చేయొద్దు. దాని వేగం నిమిషానికి 10,000 చుట్ల పైమాటే, పాలిష్‌కు కావలసింది అందులో చిన్న వంతు.

ముందు కారును నీళ్లతో బాగా తడిపి, షాంపూతో కడిగి, నీడలో ఆరబెట్టాలి. అరచేతికి గరుగ్గా తగిలే సిమెంటు, తారు మరకలను షాంపూ నీళ్లు చల్లుతూ, బంకమట్టిలా మెత్తగా ఉండే క్లే బార్‌తో తీయాలి. అంచుల దగ్గర, మడతల దగ్గర రంగు పలుచగా ఉంటుంది, అక్కడ మాస్కింగ్ టేపు వేయాలి. నల్ల ప్లాస్టిక్ భాగాలకూ వేయాలి, వాటికి పాలిష్ అంటితే తెల్లబడతాయి. తర్వాత బానెట్ మీద రెండడుగుల చదరం ఒకటి ఎంచుకుని పరీక్షించాలి. మెత్తని స్పాంజి, సన్నని పాలిష్‌తోనే మొదలుపెట్టాలి. దానితో పని జరగకపోతేనే గట్టి కాంపౌండ్ జోలికి వెళ్లాలి. నేరుగా గట్టిదానితో మొదలుపెడితే అక్కర్లేని మైక్రాన్లు పోతాయి.

ప్యాడ్ మీద శనగగింజంత చుక్కలు నాలుగైదు చాలు. తక్కువ వేగంతో పరచి, తర్వాత నాలుగో నంబరుకో ఐదో నంబరుకో పెంచి, సెకనుకు అంగుళం చొప్పున నింపాదిగా నడపాలి. ప్రతి వరుసా ముందు వరుస సగాన్ని కప్పాలి. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, ఇలా నాలుగైదు సార్లు. రేకు మీద అరచేయి ఆనించలేనంత వేడిగా ఉంటే ఆపేయాలి. మే నెలలో 45 డిగ్రీలు తాకే మన ఎండల్లో ఈ పని తెల్లవారుజామునే పెట్టుకోవాలి. వేడికి పాలిష్ ఎండి పొడిగా మారితే అదే కొత్త గీతలు గీస్తుంది. ప్యాడ్‌ను మధ్యమధ్యలో బ్రష్‌తో దులపాలి. కింద పడిన ప్యాడ్‌ను కడగకుండా వాడకూడదు.

తుడిచాక మెరుపు చూసి మోసపోవద్దు. పాలిష్‌లోని నూనెలు గీతల్లో నిండి వాటిని దాచేస్తాయి. షెడ్డు నుంచి తెచ్చిన రోజు ధగధగలాడిన కారు నాలుగు కడుగుళ్లకే మళ్లీ పాతబడడానికి తరచుగా కారణం ఇదే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో సగానికి సగం నీళ్లు కలిపి, మైక్రోఫైబర్ బట్టతో తుడిచి, టార్చిలైటు వేసి చూస్తే అసలు ఫలితం తెలుస్తుంది. అది మండే ద్రవం కాబట్టి దగ్గర్లో నిప్పు ఉండకూడదు.

సన్న గీతల్లో ఎక్కువ భాగం పోయి, రెండు మూడు లోతైనవి మిగిలితే అక్కడితో ఆపడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. ఆ రెండు గీతల కోసం బానెట్ అంతా ఇంకో ఐదు మైక్రాన్లు పలుచబడడం దండగ. ఇదివరకు రీపెయింట్ అయిన భాగాల మీద ఇంకా జాగ్రత్త కావాలి, అక్కడ పొర ఎంత మందమో చూసి చెప్పలేం. రేకు మీద మందం కొలిచే మీటర్లు ఉన్నాయి కానీ, మామూలువి ప్లాస్టిక్ బంపర్ మీద పనిచేయవు.

చివరగా వ్యాక్స్‌ గానీ సీలెంట్‌ గానీ పూయాలి. అది ఎండకూ దుమ్ముకూ ముందుగా తగిలే పొర, కొన్ని నెలలకోసారి మళ్లీ పూసుకోవాలి. బట్టల పొడితో కడిగితే అది తొందరగా పోతుంది. కారు షాంపూ ఒక బకెట్‌లో, బట్ట జాడించే మంచి నీళ్లు ఇంకో బకెట్‌లో పెట్టుకుని, ముందు నీళ్లు కొట్టి దుమ్ము జార్చాకే చేయి వేయాలి. పైనుంచి కిందికి కడగాలి, మట్టి ఎక్కువగా ఉండే తలుపుల అడుగుభాగం ఆఖరున. పొద్దున్నే తీరిక లేకపోతే దుమ్ముతోనే బండి తీయండి.