రెండు వ్యవస్థల నడుమ దుబాసి

ఉత్తర తెలంగాణలో గోదావరి తీరాన ఉన్న పట్టణం చెన్నూరు. ఒకప్పటి ఆదిలాబాదు జిల్లాకు చెంది, 2016 నుండి మంచిర్యాల జిల్లాలో భాగమైన ఈ ప్రాంతానికి బహుభాషా సంపర్కం కొత్తది కాదు. తెలుగుతో పాటు ఉర్దూ, మరాఠీ, గోండి భాషలు ఈ పరిసరాలలో వినిపిస్తాయి. ఒకరి భాష మరొకరికి తెలియని ఇద్దరి నడుమ సంతలో బేరం కుదరాలంటే రెండు భాషలూ ఎరిగిన మూడవ వ్యక్తి అవసరం. అటువంటి వ్యక్తిని పూర్వులు ‘దుబాసి’ అని వ్యవహరించారు. ద్విభాషి అన్న మాటకు అది వాడుక రూపం. కంప్యూటరు లోకంలోనూ ఇటువంటి దుబాసి ఉంది. దాని పేరు ‘వైన్’.

వైన్ చేసే పనిని గ్రహించడానికి ముందు ఆపరేటింగ్ సిస్టమ్ స్వరూపాన్ని తెలుసుకోవాలి. ప్రాసెసర్, మెమరీ, డిస్కు, తెర, కీబోర్డు మొదలైన వాటన్నింటినీ సమన్వయపరిచే మూల సాఫ్ట్‌వేరే ఆపరేటింగ్ సిస్టమ్. ఉత్తరాలు టైపు చేసే సాఫ్ట్‌వేర్ గాని, బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ గాని తెరను, డిస్కును తానుగా నడపదు. ‘ఈ అక్షరాన్ని తెరపై చూపు’, ‘ఈ ఫైలును భద్రపరచు’ అని ఆపరేటింగ్ సిస్టమ్‌ను అభ్యర్థిస్తుంది. ఈ అభ్యర్థనల భాష మైక్రోసాఫ్ట్ సంస్థ రూపొందించిన విండోస్‌లో ఒక విధంగా, లైనక్స్‌లో మరొక విధంగా ఉంటుంది. 1991లో ఫిన్‌లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లైనక్స్ మూలసంకేతాన్ని ఎవరైనా చదవవచ్చు, సవరించవచ్చు, ఇతరులకు పంచవచ్చు. అయితే యంత్రం ఒకటే అయినప్పటికీ, విండోస్ కోసం తయారైన సాఫ్ట్‌వేర్ లైనక్స్‌లో నేరుగా పనిచేయదు. దాని మాట అక్కడ అర్థం కాదు.

ఈ అవరోధం సామాన్యుని జీవనంలో ఎలా ఎదురవుతుందో చూడవచ్చు. చెన్నూరు వంటి పట్టణంలో శుభలేఖలు, కరపత్రాలు, పాఠశాల సంచికలు తయారుచేసే ఒక చిన్న డి.టి.పి. కేంద్రాన్ని ఊహించుకోవాలి. పాత కంప్యూటరులో విండోస్ 10 ఉంది. దానికి ఉచితంగా అందే సాధారణ భద్రతా సవరణలను మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో ముగించింది. విండోస్ 11 కోరే అర్హతలు ఆ పాత యంత్రానికి లేవు. కొత్త యంత్రం కొనే స్తోమత యజమానికి లేదు. లైనక్స్ ఉచితంగా లభిస్తుంది. సీడాక్ సంస్థ 2007లో విడుదల చేసిన బాస్ లైనక్స్ వంటివి భారతీయ భాషలను దృష్టిలో ఉంచుకొని రూపొందినవే. కాని ఇరవై ఏళ్ల పని అంతా పేజ్‌మేకర్ ఫైళ్లలో ఉంది. అడోబ్ సంస్థ 2004లోనే పేజ్‌మేకర్ అభివృద్ధిని నిలిపివేసింది. లైనక్స్ కోసం అది ఎన్నడూ తయారు కాలేదు. యంత్రాన్ని కాపాడుకుంటే గత కృషి దూరమవుతుంది; గత కృషిని పట్టుకుంటే యంత్రానికి రక్షణ ఉండదు. ఇటువంటి సంకటంలోనే వైన్ ప్రయోజనం తెలుస్తుంది.

వైన్ నిర్మాణాన్ని 1993లో బాబ్ ఆమ్‌స్టాట్, ఎరిక్ యంగ్‌డేల్ ప్రారంభించారు. 1994 నుండి అలెగ్జాండర్ జూలియార్డ్ దానికి సారథ్యం వహిస్తున్నారు. మైక్రోసాఫ్ట్ మూలసంకేతాన్ని చూడకుండానే, ప్రచురితమైన వివరాలను చదివి, విండోస్ ప్రవర్తనను పరీక్షించి, ఆ అభ్యర్థనలకు సమాధానమిచ్చే భాగాలను ఔత్సాహికులు స్వయంగా రచించారు. అందువల్లనే తొలి స్థిర రూపమైన వైన్ 1.0 వెలువడడానికి పదిహేనేళ్లు పట్టింది. అది 2008 జూన్ 17న విడుదలైంది.

దీని పనితీరు ఆసక్తికరమైనది. పేజ్‌మేకర్ ‘సి డ్రైవులో ఈ ఫైలును భద్రపరచు’ అని కోరిందని అనుకుందాం. లైనక్స్‌లో సి డ్రైవు అనేది లేదు. వైన్ ఆ కోరికను అందుకొని, సి డ్రైవుకు బదులుగా తాను ఏర్పరచిన ఒక ఫోల్డరులో ఫైలును ఉంచవలసిందిగా లైనక్స్‌కు చెబుతుంది. పని పూర్తికాగానే విండోస్ పద్ధతిలోనే బదులిస్తుంది. తాను పరాయి వ్యవస్థలో ఉన్నానన్న సంగతి ఆ సాఫ్ట్‌వేర్‌కు తెలియనే తెలియదు.

వర్చువల్ మెషిన్ అనే మరొక పద్ధతి కూడా ఉంది. అందులో లైనక్స్ లోపల ఒక కృత్రిమ కంప్యూటరును సృష్టించి, దానిలో విండోస్‌ను సంపూర్ణంగా నెలకొల్పుతారు. అది అతిథి కోసం ఇంటిలోనే మరొక ఇల్లు కట్టడం వంటిది. దానికి అధికమైన మెమరీతో పాటు విండోస్ లైసెన్సు కూడా కావాలి. వైన్ మాత్రం ఇల్లు కట్టదు, అతిథి మాటను ఇంటివారికి చేరవేస్తుంది. కనుక విండోస్ ప్రతి లేకుండానే పాత యంత్రంలో సైతం పనిచేయగలదు. అయితే నడిపే సాఫ్ట్‌వేర్‌ను న్యాయంగా కొనవలసిన బాధ్యత వినియోగదారునికి ఎప్పటిలాగే ఉంటుంది.

ఎంతటి దుబాసికైనా తెలియని మాటలు కొన్ని ఉంటాయి. కొన్ని సాఫ్ట్‌వేర్లు వైన్‌లో నిర్దోషంగా నడుస్తాయి, కొన్ని తడబడతాయి, మరికొన్ని తెరుచుకోవు. అందుకే వినియోగదారులు తమ అనుభవాలను బట్టి ప్లాటినం, గోల్డ్, సిల్వర్, బ్రాంజ్, గార్బేజ్ అనే ఐదు శ్రేణులుగా వాటిని వర్గీకరించారు. ప్రత్యేక డ్రైవర్లు, హార్డ్‌వేర్ లాకులు అవసరమయ్యే సాఫ్ట్‌వేర్ల విషయంలో చిక్కులు ఎక్కువ. విండోస్ వైరస్‌లలో కొన్ని వైన్ ద్వారా కూడా హాని చేయగలవు. కాబట్టి పాత కంప్యూటరులోని విండోస్‌ను తొలగించక ముందే, ఫైళ్లకు నకళ్లు తీసి, వైన్‌లో పరీక్షించి చూసుకోవడం వివేకం. ఈ పరిమితులు ఉన్నప్పటికీ వైన్ ప్రగతి ఆగలేదు. వాల్వ్ సంస్థ 2018లో వైన్ ఆధారంగా ప్రోటాన్‌ను రూపొందించడంతో, విండోస్ కోసం తయారైన వేలాది ఆటలు లైనక్స్‌లో ఆడడానికి వీలైంది.

తెలుగు విషయంలో మరొక సమస్య ఉంది. పేజ్‌మేకర్ కాలంలో వాడిన అను, శ్రీలిపి వంటి ఫాంట్లలో ఆంగ్లాక్షరాలకు కేటాయించిన సంకేతాల స్థానంలోనే తెలుగు అక్షరాల ఆకారాలను అమర్చారు. కాగితంపై అది చక్కని తెలుగే. కంప్యూటరు జ్ఞాపకంలో మాత్రం అర్థం లేని ఆంగ్లాక్షరాల వరుస. ఆ ఫాంటు లేని చోట ఫైలు తెరిస్తే చదవడానికి వీలుకాని చిహ్నాలు కనిపిస్తాయి. యూనికోడ్ విధానం ఈ దుస్థితిని తొలగించింది. అందులో తెలుగు లిపికి 3072 నుండి 3199 వరకు 128 స్థానాలు ప్రత్యేకంగా ఉన్నాయి. ‘క’ అక్షరం సంఖ్య 3093. ఏ ఫాంటులో, ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌లో చూసినా అది ‘క’గానే ఉంటుంది.

కాబట్టి డి.టి.పి. కేంద్రం యజమానికి వైన్ చేయగలిగిన ఉపకారం ఎంతవరకో స్పష్టమవుతుంది. పాత సాఫ్ట్‌వేర్ వైన్‌లో నడిస్తే పాత ఫైలు తెరుచుకుంటుంది, ముద్రణ సాగుతుంది. కాని అక్షరాలు పాత సంకేతాల్లోనే మిగిలిపోతాయి. తెరుచుకున్న ఆ వ్యవధిలోనే పాఠాన్ని వెలికితీసి, మార్పిడి సాధనాలతో యూనికోడ్‌లోకి మార్చి, దోషాలు సరిచూసి భద్రపరచుకోవాలి. ఒకనాటి పాఠశాల సంచికలోని విద్యార్థుల కవితలు, స్థానిక చరిత్రపై ముద్రించిన చిన్న పుస్తకం వంటివి మరెక్కడా ప్రతులు లేనివి కావచ్చు. వాటి మనుగడ ఈ పనిపైనే ఆధారపడి ఉంటుంది.

తెలుగువారికి ఈ శ్రమ అపరిచితం కాదు. తాళపత్రం శిథిలం కాకముందే దానిలోని కావ్యాన్ని కొత్త ఆకులపైకి ఎత్తి రాసిన లేఖకుల వల్లనే ప్రాచీన వాఙ్మయం నిలిచింది. 19వ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ పండితులను నియమించి, ఎన్నో కావ్యాలకు ప్రతులు రాయించి, పాఠాలను పరిష్కరింపజేశాడు. ఆకు మారినా కావ్యం మారలేదు. నేడు తాళపత్రం స్థానంలో ఫైలు, చెదపురుగు స్థానంలో కాలం చెల్లిన సాఫ్ట్‌వేర్ వచ్చి చేరాయి. దుబాసి ఉన్నంతవరకు మాట అందుతుంది. ఆ లోగానే మాటను అందరికీ తెలిసిన లిపిలోకి ఎత్తి రాసుకోవడం ఈ తరం లేఖకుల కర్తవ్యం.