విచారణ లేని వేటు చెల్లదు

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో కార్మికులకు అర్జీలు రాసిపెట్టడం నా పని. "రేపటి నుంచి రావొద్దన్నారన్నా" అంటూ వచ్చేవాళ్లకు ముందుగా డి.కె. యాదవ్ కేసు చెబుతాను.

సెలవు పెట్టకుండా ఎనిమిది రోజులకు మించి రాలేదు కాబట్టి స్టాండింగ్ ఆర్డర్ల (సంస్థ ఉద్యోగ నిబంధనల) ప్రకారం యాదవ్ ఉద్యోగం దానంతటదే పోయిందని జె.ఎం.ఎ. ఇండస్ట్రీస్ వాదించింది. వస్తే గేటు దగ్గరే ఆపేశారన్నది ఆయన మొర. 1993లో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది: ఉద్యోగం బతుకుతెరువు, సంజాయిషీ అడగకుండా, విచారణ జరపకుండా దాన్ని తీసేయడం సహజ న్యాయానికి విరుద్ధం. ఆయన్ని మళ్లీ పనిలోకి తీసుకుని, పనికి దూరమైన కాలానికి రావలసిన జీతంలో సగం చెల్లించమంది.

న్యాయమైన విచారణకు కావలసినవి ఇవి: ఆరోపణలు స్పష్టంగా రాసిన చార్జిషీటు, జవాబుకు గడువు, సాక్షులను ప్రశ్నించే అవకాశం, తప్పుకు తగినంతే శిక్ష. స్టాండింగ్ ఆర్డర్లున్న సంస్థ విచారణ కోసం సస్పెండ్ చేస్తే మొదటి 90 రోజులు సగం జీతం జీవనభృతిగా ఇవ్వాలి. కార్మికుడి వల్ల కాని ఆలస్యమైతే, ఆ తర్వాత 75 శాతం.

అందుకే, ఎవరు ఒత్తిడి చేసినా రాజీనామా కాగితం మీద సంతకం పెట్టకండి. నోటీసుకు రాతపూర్వకంగా జవాబివ్వండి, నకలు దాచుకోండి, ఆలస్యం చేయకుండా లేబర్ ఆఫీసుకు వెళ్లండి.