బోసినోటి నటుడు: వాల్టర్ బ్రెన్నన్

కౌబాయ్ చిత్రములలో నాయకుని వెన్నంటి ఒక ముసలివాడు తిరుగుచుండును. బోసినోరు, కీచుగొంతు, తెగని సణుగుడు. కన్నులు మూసికొని విన్నను పోల్చుకొనదగిన ఆ గొంతు వాల్టర్ బ్రెన్నన్‌ది.

ఆయన 1894లో అమెరికాలోని లిన్ పట్టణమున జన్మించెను. మొదటి ప్రపంచయుద్ధమున సైనికుడై, పిమ్మట హాలీవుడ్‌లో ఎక్స్‌ట్రా వేషములతో కాలక్షేపము చేయుచుండెను. 1932లో ఒక ప్రమాదమున పండ్లు చాలవరకు పోయినవి. నటునికి ఇంతకు మించిన ఆపద ఏమున్నది? ఆయన దానినే పనిముట్టుగా చేసికొనెను. కట్టుడు పండ్లు పెట్టిన నడివయస్కుడు, తీసిన పండుముదుసలి! వేషమిచ్చునపుడు "పండ్లతోనా, పండ్లు లేకయా?" అని దర్శకుని అడుగుచుండెడివాడని చెప్పుకొందురు. నలుబది యేండ్లకే తాత వేషములు దొరకినవి.

1936, 1938, 1940 సంవత్సరముల చిత్రములకు ఉత్తమ సహాయనటుడుగా ఆయనకు మూడు ఆస్కారులు లభించెను. అంతకుముందు ఏ నటుడును మూడు పొందియుండలేదు. ఆనాడు ఎక్స్‌ట్రాలకును ఓటు హక్కుండుటచే, తమవాడను అభిమానముతో వారే గెలిపించిరని కొందరందురు. అందు కొంత నిజముండవచ్చును. కాని 'ది వెస్టర్నర్'లో ఆయన ధరించిన న్యాయాధిపతి రాయ్ బీన్‌ను చూచిన తరువాత మాకు ఆ వాదముపై మనసు పోలేదు. మనుష్యులను అవలీలగా ఉరితీయించు ఆ క్రూరుడు, లిల్లీ లాంగ్‌ట్రీ అను నటీమణి పేరు వినగనే పసివాడగును. ఆ మార్పు ఓట్లతో వచ్చునది కాదు.

'మై డార్లింగ్ క్లెమెంటైన్' (1946)లో ఆయనను చూచి నవ్వ సాహసింపలేము. కొడుకులనే కొరడాతో కొట్టు తండ్రి అతడు. మరి రెండేండ్లకు 'రెడ్ రివర్'లో, జూదమున తన కట్టుడు పండ్లనే ఓడిపోయి, భోజనవేళకెల్ల గెలిచినవానిని అడిగి పుచ్చుకొను వంటవాడు!

ఆయన 1974లో మరణించెను.