నేటాలు పోయినవారి యూళ్లు

దక్షిణాఫ్రికా యనగానే మనకు గాంధీమహాత్ముడు జ్ఞప్తికి వచ్చును. ఆయన 1893లో అచ్చట అడుగు పెట్టుటకు ముప్పదిమూడేండ్లు ముందే ఓడలెక్కి పోయిన మనవారు జ్ఞప్తికి రారు. రంగము పోయి వచ్చినవారి కథలు మీరెల్లరు విన్నవే. నేటాలు పోయినవారిలో పలువురు అచ్చటనే నిలిచిపోయినందున వారి మాట మనలో మాసిపోయినది.

నా యొద్ద చదువుకొన్న కోటబొమ్మాళి విద్యార్థి యొకడు వారి చరిత్ర తెలిసికొనుటకై ఆ దేశములు తిరిగి వచ్చెను. కింబర్లీలో వజ్రములకై త్రవ్విన మహాగర్తమును, జాంబెజీ జలపాతమును గూడ చూచెనుగాని, అవి భూగోళ పుస్తకములలో నున్నవే, వానిని విడిచెదను.

డర్బను పట్టణము భూమధ్యరేఖకు దక్షిణమున సుమారు 30 అంశల దూరమున నున్నది. మనకు పుష్యమాసపు చలి కాగా వారికి నడివేసవి. అచ్చట మధ్యాహ్నసూర్యుడు ఉత్తరపు దిక్కున నుండును. మొదటి రాత్రి మావాడు ధ్రువనక్షత్రమునకై వెదకెనట! అది అచ్చట ఎన్నడును ఉదయింపదు. సప్తర్షులు సైతము కొన్ని మాసములు మాత్రమే ఉత్తర దిగంతము నానుకొని కనబడుదురు. పెండ్లిలో ధ్రువారుంధతీ దర్శనము చేయించు పురోహితుడు అచ్చట ఏమి చేయవలెనని నన్నడిగెను. ఉత్తరమునకు వేలు చూపి మంత్రము చెప్పవలసినదే యంటిని. పగటి ముహూర్తములలో మనము చేయుచున్నదియు నదియే గదా!

1860 అక్టోబరులో చెన్నపట్టణమునుండి ట్రూరో యను ఓడ 342 మందితో బయలుదేరి, నవంబరు 16వ తేదీన డర్బను చేరెను. 1911 వఱకు ఇట్లు పోయినవారు సుమారు 1,52,000 మంది. చెఱకుతోటలలో ఐదేండ్లు పనిచేయుదుమని ఒడంబడిక. దానినే వారు గిరిమిటు అనిరి. మొదటి యేట నెలకు 10 షిల్లింగులు జీతము, తిండియు బసయు. 1895లో పుట్టిన చట్టమొకటి, గడువు తీరినపిమ్మట మరల ఒడంబడిక వ్రాయకయు, స్వదేశమునకు పోకయు నుండువారిపై ఏటికి 3 పౌనుల పన్ను విధించెను. పౌనునకు 20 షిల్లింగులు గనుక అది మొదటి యేటి జీతములో ఆఱు నెలల కూలి! 1913లో గనుల కూలీలును తోటల కూలీలును సమ్మె కట్టిన పిదపనే, 1914లో ఆ పన్ను రద్దయ్యెను.

నాయుడు, రెడ్డి, అప్పలసామి యనునవి నేటికిని అచ్చట వాడుకలో నున్న పేర్లు. అప్పలసామి యనినంతనే మనకు సింహాచలము తోచక మానదు. కాని ముత్తాత పేరే యింటిపేరై కూర్చుండగా అసలు ఇంటిపేరు పలు కుటుంబములలో పోయినది. 1931లో వారు ఆంధ్ర మహాసభను స్థాపించి తెలుగు నిలుపుటకు పాటుపడిరి. అయినను ఇంట ఇంగ్లీషే మాటలాడువారు ఇప్పుడు పెక్కురు.

ఇక ఓడ పట్టికలు. ఎక్కిన ప్రతివాని పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, గ్రామము, దేహముపై మచ్చలు వానిలో వ్రాయబడినవి. అవి డర్బనులో భద్రముగా నున్నవి. మనవైపువారిని వెదకువారు జిల్లా గడిలో గంజాము అని చూడవలెను. 1936 దాక మనము ఆ జిల్లాలోనివారమే. శ్రీకాకుళము జిల్లా 1950లోగాని ఏర్పడలేదు. గ్రామము పేరు మఱింత చిక్కు. కూలీ నోట విన్నదానిని గుమాస్తా ఇంగ్లీషు లిపిలో తోచినట్లు వ్రాసెను. బొమ్మాళి యను నొక్క మాటనే ఐదారు తీరుల వ్రాయవచ్చును. వలసలు, పేటలు, పురములు మనకెన్ని లేవు!

డర్బనులో ఒక ముసలమ్మ తన ముత్తాత పట్టిక నకలును మావాని చేతికిచ్చి, “నాయనా, ఈ యూరు ఇంకను ఉన్నదా?” యని వచ్చీరాని తెలుగులో నడిగెనట. ఆ నకలు ఇప్పుడు నాయొద్ద నున్నది. తండ్రిపేరు అప్పన్న. ఊరిపేరు అక్షరములనుబట్టి చూడగా నాలుగు గ్రామములకు సరిపోవుచున్నది. వానిలో ఒకటి పాడుపడి యిప్పుడు పొలమైనది. అచ్చుపటము దీనిని తేల్చజాలదు. పూర్వము మా యింటివాడొకడు ఓడయెక్కి మరల రాలేదని మీ పెద్దలు చెప్పగా విన్నవారుందురేని, ఆతని పేరును తండ్రిపేరును ఒక కాగితముపై వ్రాసి, కోటబొమ్మాళి సంతకు వచ్చినపుడు నాకందింపుడు. ఆమెకు నేను దసరాలోగా ప్రత్యుత్తరము వ్రాయవలసియున్నది.