చక్రాల ఇంటిలో టెలివిజన్

ఇల్లు నిలిచి ఉండేది, బండి కదిలేది. ఈ రెండింటినీ ఒకటిగా చేసిన వాహనమే మోటార్ హోమ్. అమెరికా, కెనడా, ఐరోపా దేశాల రహదారులపై ఇది తరచుగా కనిపిస్తుంది. బస్సును పోలిన శరీరంలో పడకలు, వంటగట్టు, స్నానపు గది, నీటితొట్టె, భోజనపు బల్ల అన్నీ అమరి ఉంటాయి. ఉద్యోగ విరమణ చేసిన దంపతులు కొందరు నెలల తరబడి ఇందులోనే కాపురముంటారు. వేసవి సెలవులలో కుటుంబాలు అద్దెకు తీసుకొని జాతీయ వనాలకు ప్రయాణమవుతాయి. ఆ దేశాలలో స్థిరపడిన తెలుగువారిలోనూ ఇట్లు ప్రయాణించేవారు ఉన్నారు.

ఇట్టి ఇంటిలో పాత టెలివిజన్‌ను తొలగించి కొత్తది అమర్చుకొనుట ఎట్లు? మన విద్యార్థులకు ఈ ప్రశ్నతో పని ఏమి అని కొందరు అడుగవచ్చు. తరగతి గదిలో వోల్టు, ఆంపియర్, వాట్ అను మాటలను మనం వల్లించి, పరీక్ష ముగియగానే మరచిపోతాము. ఆ మాటలు ఒక కుటుంబపు సుఖాన్నీ, క్షేమాన్నీ నిర్ణయించుట చూడదలచినవారికి ఇంతకంటె మంచి ఉదాహరణ మాకు కనిపించలేదు.

టెలివిజన్ మార్చదలచినవారు సాధారణంగా తెరతో ప్రారంభిస్తారు. ఎన్ని అంగుళాలు అన్నదే వారి మొదటి ప్రశ్న. మా అభిప్రాయంలో అది చివరి ప్రశ్న. విద్యుత్తు ఎంత ఉన్నది, సంకేతం ఎక్కడి నుండి వస్తుంది అన్నవి ముందుగా తేలవలెను. ఊరిలోని ఇంటికి ఈ రెండింటినీ ఇతరులు తెచ్చి ఇస్తారు. చక్రాల ఇల్లు మాత్రం వీటిని తానే సంపాదించుకొనవలెను.

విద్యుత్తు లెక్క

మోటార్ హోమ్‌లో బ్యాటరీలు రెండు విధాలు. ఒకటి ఇంజనును ప్రారంభించుటకు, రెండవది ఇంటి అవసరాలకు. ఈ రెండవది 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తును ఇస్తుంది. విడిది స్థలంలో విద్యుత్ స్తంభం ఉన్నట్లయితే అమెరికాలో 120 వోల్టుల ఏకాంతర విద్యుత్తు లభిస్తుంది. అక్కడ 30 ఆంపియర్ల అమరిక ఉన్నా 3,600 వాట్లు చేతికి వస్తాయి కనుక టెలివిజన్‌ను గూర్చి చింత లేదు. ఏ స్తంభమూ లేని అడవిలోనో, కొండ పక్కనో బండి ఆపినప్పుడే చింత మొదలవుతుంది.

ఒక ఉదాహరణ తీసుకొందాము. 100 ఆంపియర్-గంటల లెడ్ ఆసిడ్ బ్యాటరీ ఒకటి ఉన్నదనుకొనండి. దానిని 12 వోల్టులతో హెచ్చవేస్తే 1,200 వాట్-గంటలు. అయితే ఇట్టి బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేయుట అలవాటైతే దాని ఆయుష్షు త్వరగా తరిగిపోతుంది. కావున వాడుకొనదగినది 600 వాట్-గంటలు మాత్రమే.

చలికాలపు రాత్రి వేడిగాలి యంత్రం గ్యాసుతో మండుతుంది. కాని ఆ గాలిని గదిలోనికి తోసే పంకా తిరుగుటకు ఈ బ్యాటరీయే ఆధారం. పంకాకు సుమారు 90 వాట్లు కావలెను. పది గంటల రాత్రిలో అది సగం కాలం తిరిగితే 450 వాట్-గంటలు ఖర్చు. మిగిలేది 150.

ఇప్పుడు పాత గాజు గొట్టపు టెలివిజన్‌ను చూడండి. దానికి దాదాపు 100 వాట్లు, ఉపగ్రహ ప్రసారాల పెట్టెకు 30 వాట్లు, 12 వోల్టులను 120 వోల్టులుగా మార్చే ఇన్వర్టర్‌లో నష్టం మరొక 20 వాట్లు. మొత్తం 150. నాలుగు గంటలు చూస్తే 600 వాట్-గంటలు, అనగా ఆ రాత్రికి ఉన్నదంతా. సినిమా పూర్తవుతుంది, తెల్లవారుజామున పంకా నీరసిస్తుంది. పంకా తగిన వేగంతో తిరగనిదే మంట వెలగకుండా ఆ యంత్రంలో రక్షణ ఏర్పాటు ఉంటుంది. గ్యాసు నిండుగా ఉన్నా పిల్లలు చలికి వణకవలసినదే.

నేరుగా 12 వోల్టులతో పనిచేసే 24 అంగుళాల ఎల్.ఇ.డి. టెలివిజన్‌కు సుమారు 25 నుండి 30 వాట్లు చాలును. ఇన్వర్టర్ అవసరం లేదు. నాలుగు గంటలకు 120 వాట్-గంటలు. మిగిలిన 150లో అది ఇముడుతుంది. పాతదానిని మార్చుటకు అసలు కారణం ఇక్కడ ఉన్నది.

బ్యాటరీని మార్చదలచినవారికి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం లభిస్తున్నది. అదే 100 ఆంపియర్-గంటల పరిమాణంలో 1,000 వాట్-గంటలకు పైగా వాడుకొనవచ్చును. బరువు కూడ సగం కంటె తక్కువ. కాని దానికి తగిన చార్జర్ ఉండవలెను. సున్నా డిగ్రీల సెల్సియస్‌కు దిగువన దానిని చార్జి చేస్తే చెడిపోతుంది. కప్పుపై 100 వాట్ల సౌరఫలకం వేసవిలో మంచి ఎండ కాచిన రోజున 300 వాట్-గంటలకు పైగా ఇవ్వగలదు. చలికాలంలో అంత ఆశించరాదు. ఇక జనరేటర్‌ను నడుపుతూ రాత్రి నిద్రపోవుట ప్రాణాపాయం. దాని పొగలో రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానిని పసిగట్టి హెచ్చరించే పరికరం పనిచేస్తున్నదో లేదో చూడకుండా ఎవరూ పడుకొనరాదు.

తెర కొలత

పాత మోటార్ హోమ్‌లలో డ్రైవరు తలపై భాగంలో టెలివిజన్ కొరకు ఒక గూడు ఉండేది. అందులో 27 అంగుళాల గాజు గొట్టపు పెట్టె ఉన్నదనుకొనండి. అంగుళాల లెక్క కర్ణానిది. పాత తెర వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 4:3 కనుక దాని వెడల్పు 21.6 అంగుళాలు, ఎత్తు 16.2 అంగుళాలు. కొత్త తెరల నిష్పత్తి 16:9. అదే వెడల్పులో ఇమిడే కొత్త తెర కర్ణం దాదాపు 24.8 అంగుళాలు మాత్రమే. 27 తీసిన చోట 27 పట్టునని కొనేవారు ఇక్కడనే పొరబడతారు. పైథాగరస్ సూత్రం తెలిసిన విద్యార్థి పొరబడడు. గూటిని కొలిచేటప్పుడు తెర చుట్టూ ఉండే చట్రాన్ని కూడ లెక్కలోనికి తీసుకొనవలెను.

చిన్న బండిలో చూచేవారికి, తెరకు మధ్య దూరం 2 మీటర్లకు మించదు. ఆ దూరంలో సుమారు 0.58 మిల్లీమీటర్ల కంటె దగ్గరగా ఉన్న రెండు చుక్కలను సాధారణమైన కన్ను విడదీసి చూడలేదు. అడ్డంగా 1,920 చుక్కలున్న 32 అంగుళాల తెరలో ఒక్కొక్క చుక్క వెడల్పు 0.37 మిల్లీమీటర్లు. అంతకంటె సూక్ష్మమైన తెర కొరకు పెట్టే ధనం కంటికి కనిపించదు. పడక నుండి, బల్ల నుండి పక్కగా చూచినా రంగులు మారని తెరను ఎన్నుకొనుట మేలు.

సంకేతం వచ్చే దారులు

మొదటి దారి కప్పుపై ఉండే ఏంటెన్నా. అమెరికాలో పూర్తి శక్తి గల కేంద్రాలు 2009 జూన్ 12న అనలాగ్ ప్రసారాలను నిలిపివేసి డిజిటల్ పద్ధతికి మారినవి. కావున అనలాగ్ ప్రసారాలను మాత్రమే అందుకొనగల పాత పెట్టెకు మార్పిడి పరికరం లేనిదే బొమ్మ రాదు. ఈ తరంగాలు దాదాపు చూపు సాగినంత దూరమే సాగుతాయి. ప్రసార స్తంభం ఎత్తు 300 మీటర్లు, మన ఏంటెన్నా ఎత్తు 4 మీటర్లు అయితే, చదునైన నేలపై సుమారు 80 కిలోమీటర్ల వరకు సంకేతం అందుతుంది. కొండ అడ్డువస్తే అదీ లేదు. అనలాగ్ కాలంలో సంకేతం బలహీనమైతే బొమ్మపై చుక్కలు రాలేవి. డిజిటల్‌లో బొమ్మ ముక్కలై, ఒక్కసారిగా మాయమవుతుంది. బండి మరొక ఊరు చేరిన ప్రతిసారీ ఛానళ్లను మరల వెదికించవలెను. ఈ దారికి నెల చందా లేదు, విద్యుత్తు ఖర్చు స్వల్పం.

రెండవ దారి ఉపగ్రహం. భూమధ్యరేఖపై 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉండే ఉపగ్రహం నేలపై ఉన్నవారికి కదలనట్లు తోస్తుంది. అమెరికా నుండి దానిని చూచుటకు దక్షిణాకాశం తెరపిగా ఉండవలెను. నీడకొరకు చెట్టు కింద బండి ఆపినవారికి బొమ్మ దక్కదు. మన పెద్దలకు ఈ విద్య కొత్తది కాదు. 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు జరిగిన ‘సైట్’ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలు ఉపగ్రహం నుండి నేరుగా కార్యక్రమాలు చూచినవి. తీగల వలతో చేసిన మూడు మీటర్ల ఏంటెన్నా, కరెంటు లేని కొన్ని ఊళ్లలో బ్యాటరీ — నేటి చక్రాల ఇంటి సామగ్రి నాడు మన పల్లెలలో ఉండేది.

మూడవ దారి ఇంటర్నెట్. సుమారు 550 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలతో పనిచేసే స్టార్‌లింక్ సంస్థ 2022లో ఇట్టి వాహనాలకు ప్రత్యేక సేవను ప్రారంభించినది. ఇక్కడ మరల లెక్కకు రావలెను. దాని డిష్ 75 వాట్లు వాడుతున్నదనుకొంటే నాలుగు గంటలకు 300 వాట్-గంటలు, అనగా టెలివిజన్ కంటె రెండున్నర రెట్లు. రాత్రింబవళ్లు ఆపకుండా ఉంచితే 1,800. మన ఉదాహరణలోని బ్యాటరీలు మూడింటి పని అది ఒక్కటే మింగివేస్తుంది.

అన్నిటికంటె చవక దారి నాల్గవది. బయలుదేరక ముందే కావలసిన సినిమాలను చిన్న డిస్కులో నింపుకొనుట. పిల్లలు అడిగే తెలుగు సినిమా అడవి మధ్యలో అదనపు ఖర్చు లేకుండా దొరుకుతుంది.

తీగలు, బిగింపు

60 వాట్ల పరికరానికి 120 వోల్టుల వద్ద అర ఆంపియర్ ప్రవాహం చాలును. 12 వోల్టుల వద్ద 5 ఆంపియర్లు కావలెను. తీగలో పుట్టే వేడి ప్రవాహపు వర్గాన్ని అనుసరిస్తుంది. కావున పదిరెట్ల ప్రవాహానికి అదే తీగలో నూరురెట్ల వేడి. సన్నని తీగ వాడి, బ్యాటరీ దగ్గర ఫ్యూజు పెట్టకుండుట నిప్పుతో ఆట. మరొక విషయం: 12 వోల్టులు అన్నది పేరుకు మాత్రమే. చార్జి అయ్యే సమయంలో అది 14 దాటుతుంది. అందుకు తట్టుకొనని టెలివిజన్‌కు వోల్టేజిని స్థిరపరచే పరికరం తోడు కావలెను.

గోడలు పలుచని చెక్కవి. మేకు దిగినంత మాత్రాన బరువు నిలువదు. గోడ వెనుక గట్టి పలక ఉన్నచోటనే బిగించి, ప్రయాణంలో కదలకుండా గడియ వేయవలెను. ఎత్తిన ఏంటెన్నాను దించకుండా బండిని కదిలించరాదు. బండి నడుస్తుండగా డ్రైవరుకు తెర కనిపించరాదన్నది అమెరికాలోని అనేక రాష్ట్రాల చట్టం. చట్టం లేకున్నా బుద్ధి చెప్పే మాట అదే. విడిది స్థలాలలో రాత్రి నిశ్శబ్ద వేళలు ఉంటాయి. బండి వెలుపల తెర అమర్చుకొన్నవారు పొరుగువారి నిద్రను మరువరాదు.

ఖర్చు పెట్టవలసిన వరుస ఇప్పుడు స్పష్టమైనది: ముందు బ్యాటరీ, తీగలు, తరువాత ఏంటెన్నా, చివరకు తెర. దుప్పటి ఉన్నంతవరకే కాళ్లు చాచుకొనవలెనని తెలుగులో సామెత. చాదర్ చూచి కాళ్లు చాపమని ఉర్దూలోనూ పెద్దలు చెప్పినారు. దుప్పటి పొడవును ముందుగా కొలుచుకొనే విద్యనే మనం గణితమని, భౌతికశాస్త్రమని తరగతులలో నేర్చుకొంటున్నాము.