హత్యానేరం – దురుద్దేశం

మనిషి చేతిలో మనిషి మరణిస్తే దానిని వెంటనే హత్య అనడం మనకు అలవాటు. న్యాయశాస్త్రం అంత తొందరపడదు. ప్రాణం పోయిన సంగతితోపాటు, నిందితుని మనఃస్థితి ఎట్టిదో కూడా విచారిస్తుంది. అమెరికాలో ఈ నేరాన్ని సాధారణంగా ఏ రాష్ట్రానికా రాష్ట్రమే నిర్వచించుకొంటుంది. వానిలో కాలిఫోర్నియా చట్టాన్ని ఉదాహరణగా పరిశీలిద్దాం.

1872 నాటి ఆ రాష్ట్ర శిక్షాస్మృతిలోని 187వ సెక్షన్ ప్రకారం, దురుద్దేశపూర్వకంగా, చట్టవిరుద్ధంగా మనిషిని చంపడమే హత్య. 1970లో గర్భస్థ పిండాన్ని కూడా ఇందులో చేర్చారు. ఈ దురుద్దేశాన్నే ఆంగ్ల న్యాయ సంప్రదాయం 'మాలిస్' అన్నది. మాలిస్ అంటే పగ అని మనం పొరబడరాదు. చంపవలసిన వానిపై ఏ పగా లేని కిరాయి హంతకునికీ మాలిస్ ఉన్నట్లే.

188వ సెక్షన్ మాలిస్‌ను రెండు విధాలుగా విభజించింది. చంపాలన్న సంకల్పం స్పష్టంగా కనబడితే అది వ్యక్తం. ఆ సంకల్పం లేకున్నా, తన చర్య ప్రాణాపాయకరమని తెలిసీ లెక్కచేయకపోతే అది గర్భితమని న్యాయస్థానాలు వివరించాయి. తాగి అతివేగంగా కారు నడిపి ఇద్దరి మృతికి కారకుడైన వానిపై హత్యానేరం మోపవచ్చునని 1981లో వాట్సన్ కేసులో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

తీవ్రమైన కవ్వింపునకు లోనై, ఆవేశంలో వివేకం కోల్పోయి చంపినప్పుడు మాలిస్ లేదని చట్టం భావిస్తుంది. అప్పుడది హత్య కాదు, 'మాన్‌స్లాటర్'. ఈ తేడా స్వల్పమైనది కాదు. రెండవ తరగతి హత్యకు పదిహేనేండ్ల నుండి యావజ్జీవం వరకు శిక్ష ఉండగా, ఆవేశంలో చేసిన మాన్‌స్లాటర్‌కు మూడు, ఆరు లేక పదకొండేండ్లు మాత్రమే.

దోపిడిలో ఒకడు కాల్పులు జరిపితే, వాకిట కాపలా నిలిచినవాడు కూడా హంతకుడేనా? చాలాకాలం చట్టం అవుననే అన్నది. 2018లో చేసి 2019 జనవరి 1 నుండి అమలుపరచిన సవరణ, నేరంలో పాల్గొన్నంత మాత్రాన దురుద్దేశాన్ని ఆపాదించరాదన్నది. చంపాలనే ఉద్దేశంతో తోడ్పడినవారికి, ప్రధానపాత్ర వహించి ప్రాణాలను తృణీకరించినవారికి మాత్రం మినహాయింపు లేదు. పూర్వం శిక్షపడినవారు సైతం పునర్విచారణ కోరే అవకాశం లభించింది. ఒక పదానికి చెప్పే అర్థం మీద మనుషుల జీవితకాలం ఎంతగా ఆధారపడుతుందో దీనివల్ల తెలుస్తుంది.

2024 జూలై 1 నుండి అమలులో ఉన్న మన భారతీయ న్యాయ సంహిత 101వ సెక్షన్‌లో మాలిస్ అనే మాట లేదు. ఉద్దేశం, ఎరుక అనేవే అక్కడ కొలమానాలు. పేర్లు వేరైనా ప్రశ్న ఒక్కటే: చేసిన చేతి వెనుక ఉన్న మనసు ఎట్టిది? ఆ ప్రశ్న అడగకుండా ఎవరినీ హంతకుడనరాదని మనం గ్రహించాలి.